ఆటల పెట్టెలో ఒక సముద్రం



మన హాస్టల్ ఆటల పెట్టె తెరిస్తే క్యారమ్ బోర్డు, వాలీబాల్, చదరంగం అట్ట కనిపిస్తాయి. విశాఖలో చదివే పిల్లలకు అందులో ఇంకొక ఆట కూడా ఉండాలని మా అభిప్రాయం. అది ఓడల యుద్ధం ఆట. దానికి కంప్యూటర్ అక్కర్లేదు. గళ్ల కాగితం, పెన్సిల్ చాలు.

ఏటా నౌకాదళ దినోత్సవానికి బీచ్ రోడ్డు మీద నిలబడి విన్యాసాలు చూసి చప్పట్లు కొడతాం. ఆ ఓడ అటే ఎందుకు తిరిగిందని మాత్రం అడగం. చూసేవాళ్లం మనం, ఆలోచించేవాళ్లు వేరెవరో అనే భావం చిన్నప్పుడే మనలో నాటుకుపోతోంది. మా బాధంతా దాని గురించే.

1971 యుద్ధం సంగతి చూడండి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విక్రాంత్ నౌకను వెతుక్కుంటూ విశాఖ దాకా వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. అది విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మేలా తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ వైర్‌లెస్ సందేశాలు పంపించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో ఘాజీ మన తీరంలోనే మునిగిపోయింది. రాజ్‌పుత్ నౌక దెబ్బకేనని మనవాళ్లు, ప్రమాదమని పాకిస్తాన్ అంటారు. ఏది నిజమైనా, లేని ఓడ కోసం ఘాజీ ఇక్కడ కాపు కాసింది. ఎత్తుగడకున్న బలం అది.

ఇక ఆట సంగతి. ఇద్దరూ చెరొక కాగితం మీద అడ్డం 10, నిలువు 10 గళ్లు గీసుకుంటారు. 5, 4, 3, 3, 2 గళ్ల ఓడలు అయిదు దాచుకుంటారు. అంటే 100 గళ్లలో 17 గళ్లే ఓడలు. తోచినట్టు గురిపెట్టేవాడు ఓడిపోతాడు. అన్నిటికంటే చిన్న ఓడకైనా పక్కపక్కనే రెండు గళ్లు కావాలి కదా! చదరంగం అట్ట మీద నల్లగళ్లలాగా గడి విడిచి గడి కొడితే, 50 దెబ్బల్లో ప్రతి ఓడా ఒక్కసారైనా తగులుతుంది. లెక్కలంటే భయపడే తమ్ముడికి ఇంతకన్నా మంచి ట్యూషన్ ఏముంది?

ఇది పిల్లకాయల ఆటేనని తీసిపారేయకండి. 1942లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ ఒక గది నేల మీద గళ్లు గీయించి, ఓడల బొమ్మలతో ఆడించి, జర్మన్ జలాంతర్గాములను ఎదుర్కొనే పద్ధతులు కనిపెట్టారు. ఆయనకు తోడుగా పనిచేసినవాళ్లు నౌకాదళ మహిళా విభాగంలోని అమ్మాయిలు. చాలామందివి మన వయసులే. సముద్రం మీద యుద్ధం చేయని ఆ అమ్మాయిలే యుద్ధనౌకల అధికారులకు పాఠాలు చెప్పారు.

ఆటలతో చదువు పాడవుతుందని, యుద్ధం మీద మోజు పెరుగుతుందని పెద్దలు అనవచ్చు. 1999లో వచ్చిన హోమ్‌వరల్డ్ లాంటి కంప్యూటర్ ఆటల్లో అంతరిక్ష నౌకల దండులు పోరాడతాయి. వాటి ముందు కూర్చుంటే గంటలు తెలియవన్నది నిజమే. కాగితం ఆట అరగంటలో అయిపోతుంది. ఇక మోజు మాటంటారా, ఘాజీతో పాటు 90 మందికి పైగా నావికులు చనిపోయారు. 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్‌సురా జలాంతర్గామిలోకి ఒకసారి వెళ్లి, నావికులు పడుకున్న ఆ ఇరుకు పడకలు చూడండి. ఆ తర్వాత గడిలో ఓడ కొట్టేటప్పుడు లోపల మనుషులుంటారని గుర్తుంటుంది.

మాలో చాలామందిమి ఇంట్లో మొదట డిగ్రీ చదివినవాళ్లం. ఏ కోర్సు, ఏ పరీక్ష అని ఇంట్లో అడగడానికి ఎవరూ లేక, కనపడని గళ్లలోకి గురిపెట్టినట్టే ముందుకు వచ్చాం. తగలని దెబ్బ కూడా ఒక సమాచారమేనని, దాన్ని రాసిపెట్టుకుని తర్వాతి ఎత్తు వేయాలని ఈ ఆట నేర్పుతుంది. మన తర్వాతివాళ్లకు అది చిన్నప్పుడే తెలియాలి.

వార్డెన్ గారికి మా మనవి ఒక్కటే. ఆదివారం ఒక గంట ఇప్పించండి. గళ్ల కాగితాల కట్టలు పూర్వ విద్యార్థులం మేము తెస్తాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పెన్సిళ్లు చెక్కి ఉంచండి!