హాలు కొలిచాకే సోఫా!

గృహప్రవేశానికి వారం రోజులే ఉంది. షోరూంలో ముచ్చటపడి పెద్ద సోఫా సెట్టు కొనేశారు. తీరా చూస్తే అది లిఫ్టులో పట్టలేదు. నలుగురు కలిసి మెట్ల మీదుగా పైకి చేరిస్తే సగం హాలు దానికే సరిపోయింది. బాల్కనీలోకి వెళ్లాలంటే పక్కకి తిరిగి నడవాలి. తాతయ్య రాత్రిపూట మంచినీళ్లకు లేస్తే టీపాయ్ అంచు మోకాలికి తగులుతోంది. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. అందుకే ఇంటి అలంకరణ షాపులో కాదు, ఇంట్లో టేపు పట్టుకోవడంతో మొదలుకావాలి.

నడవడానికి దారేదీ?

పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పున్న హాలు ఉందనుకుందాం. సోఫా లోతు 3 అడుగులు. దానికీ టీపాయ్‌కీ మధ్య కాళ్లు పెట్టుకోవడానికి ఒకటిన్నర. టీపాయ్ 2 అడుగులు. ఎదురుగా టీవీ స్టాండు మరో ఒకటిన్నర. మొత్తం 8 అడుగులు. ఇక నడవడానికి మిగిలింది రెండే! సౌకర్యంగా తిరగాలంటే మూడడుగులైనా కావాలి. టీపాయ్ తీసేసి సోఫా పక్కన చిన్న స్టూలు వేసుకుంటే సమస్య తీరిపోతుంది.

కొనేముందు ఓ చిట్కా. సోఫా కొలతల ప్రకారం పాత పేపర్లు నేలమీద పరిచి రెండు రోజులు వాటిని తొక్కకుండా తిరిగి చూడండి. ఇబ్బందిగా ఉంటే చిన్న సోఫా ఎంచుకోండి. లిఫ్టు, గుమ్మం కొలతలూ రాసుకోవడం మరవద్దు.

రంగుల లెక్క

డిజైనర్లు 60-30-10 సూత్రం పాటిస్తారు. గదిలో అరవై శాతం ఒకే లేతరంగు, అంటే గోడలు. ముప్ఫై శాతం సోఫా, కర్టెన్లది. మిగతా పది శాతమే ముదురు రంగులకు. పెడన కలంకారీ కుషన్ కవర్లు, ఏటికొప్పాక లక్కబొమ్మలు ఆ పదిలో చక్కగా ఒదిగిపోతాయి. షేడ్ కార్డు చూసి రంగు ఖాయం చేయకండి. గోడమీద రెండడుగుల మేర వేయించి పగటి వెలుగులో ఓసారి, రాత్రి దీపాల కింద మరోసారి చూడండి. తేడా తెలుస్తుంది.

దీపం ఎక్కడుండాలి?

వంటింట్లో దీపం వెనకవైపు ఉంటే కూరలు తరిగే చోట మన నీడే పడుతుంది. పై అరల కింద చిన్న ఎల్‌ఈడీ లైటు పెట్టించుకుంటే చాలు. చదువుకునే బల్లకు విడిగా దీపం ఉండాలి. పడగ్గదికి పసుపు ఛాయ వెలుగు హాయిగా ఉంటుంది. పెద్దవాళ్ల మంచం నుంచి బాత్‌రూం దాకా సన్నని రాత్రి దీపం తప్పనిసరి. ఆ దారిలో జారిపోయే పట్టాలు వేయొద్దు.

అన్నీ ఒకేసారి వద్దు

గోడకు పది ఫొటోలకన్నా ఒక్క మంచి చిత్రం మేలు. దాని మధ్యభాగం నేల నుంచి దాదాపు అయిదడుగుల ఎత్తులో ఉంటే కంటికి ఎదురుగా ఉంటుంది. కొండపల్లి బొమ్మలన్నీ షోకేసులో కుక్కకుండా నాలుగే పెట్టి, పండక్కోసారి మార్చండి. పైసా ఖర్చు లేకుండా కొత్తదనం వస్తుంది.

ఇక తాతయ్య అర్ధరాత్రి ఎవరినీ లేపకుండా వంటింటి దాకా వెళ్లి రాగలిగితే... ఆ ఇంటి సర్దుడు కుదిరినట్టే!