పక్కవాద్యం పనికి రాతకోతలు ఉండాలి

మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం వైపు తిరునాళ్లకు పద్యనాటకం కుదుర్చుకునేటప్పుడు బేరమంతా సాధారణంగా హరిశ్చంద్రుడి మీద, చంద్రమతి మీద నడుస్తుంది. ఏ ఊరి నటుడు వస్తాడు, ఎంత అడుగుతాడు, పోస్టరులో ఎవరి ఫొటో పెద్దదిగా పడాలి అన్నవి తేలాకే హార్మోనియం, తబలా సంగతి వస్తుంది. అప్పటికి చందాల్లో ఏం మిగిలితే అదే వాద్యకారుడి పారితోషికం. మాట నోటితో అయిపోతుంది, కాగితం ఉండదు. ఒక మేళానికి కట్టుబడకుండా, పిలిచిన చోటికల్లా వెళ్లి వాయించి బతికే ఈ మనుషుల పనికి కనీస ధర, చేసిన పనికి రాతపూర్వకమైన లెక్క, చేతులు సాగని వయసులో ఆసరా ఉండి తీరాలి. నా వాదన ఇంతే.

ముందు వారి పనితనాన్ని సరిగ్గా అంచనా కట్టాలి. కాంట్రాక్టు నాటకంలో ఒక్కో పాత్రధారి ఒక్కో ఊరి నుంచి వస్తాడు. రిహార్సల్ ఉండదు. చాలాసార్లు ఒకరినొకరు చూసుకునేది ఆ రాత్రి రంగు పూసుకునే చోటే. ఒకరి శ్రుతి ఒకటిన్నర, మరొకరిది నాలుగు. ఒకరు పద్యం చివర రాగం సాగదీస్తారు, ఇంకొకరు మధ్యలోనే రాగం మార్చేస్తారు. తెల్లవారే దాకా వీరందరినీ ఒక్క తాటి మీద నడిపించేది హార్మోనిస్టు. నటుడు పద్యం మరిచిపోతే తర్వాతి ఎత్తుగడ అందించేదీ, గొంతు జారితే రీడ్ల మీద ఆ లోటు కప్పేదీ ఆయనే. అదే మనిషి మర్నాడు భజన మందిరంలో కూర్చుంటాడు, ఆదివారం చర్చిలో కీబోర్డు ముందుంటాడు, వినాయక చవితికి ఆర్కెస్ట్రాలో సినిమా పాటలు వాయిస్తాడు. డోలు విద్వాంసుడిదీ ఇదే దారి. పెళ్లిలో మంగళవాద్యం, మార్కాపురం చెన్నకేశవస్వామి ఉత్సవాల్లో ఊరేగింపు, శివరాత్రికి త్రిపురాంతకం గుడి. ఇన్ని చోట్ల తిరిగేవాడికి ఏదీ గట్టిగా రాదని కొందరు తేలిగ్గా అనేస్తారు. నిజానికి ఏ చోటి పద్ధతి ఆ చోట పట్టుకుని, ఎదుటివాడి పాటను నిలబెట్టడం ఏళ్ల తరబడి సాధన చేస్తేగాని రాని విద్య.

పనితనం ఇంత ఉన్నా ఆదాయం పంచాంగాన్ని పట్టుకుని వేలాడుతుంది. ఆషాఢం, పుష్యం, మూఢం రోజుల్లో పెళ్లిళ్లుండవు. మార్కాపురం వైపంతా మెట్ట ప్రాంతం. వాన పడని ఏడాది తిరునాళ్ల చందాలు సన్నగిల్లితే ఊరి పెద్దలు ముందు తీసేసేది నాటకాన్నే. 2020 లాక్‌డౌన్ సరిగ్గా వేసవి ముహూర్తాల మీద పడింది. 2022 జనవరిలో చింతామణి నాటకాన్ని ప్రభుత్వం నిషేధించినప్పుడు కళాకారులు ఉపాధి పోయిందని రోడ్డెక్కారు. ఆ నిషేధంలోని మంచిచెడ్డల చర్చ వేరు. ఒక్క ఉత్తర్వుతో ఒక వాద్యకారుడి ఏడాదిలో ఎన్ని రాత్రుల పని పోయిందో చెప్పగల రికార్డు మాత్రం ఏ మండల కార్యాలయంలోనూ కనిపించదు.

ఈ కష్టం మన ఒక్కరిదే కాదు. అమెరికా జాజ్ సంగీతంలో బేస్ వాయించేవాడిదీ పక్కవాద్యకారుడి స్థానమే. మిల్ట్ హింటన్ 1936 నుంచి 1951 దాకా క్యాబ్ క్యాలోవే బృందంలో వాయించాడు. ఆ ఉద్యోగం పోయాక న్యూయార్క్ స్టూడియోల్లో పిలిచినవారందరికీ వాయించి, అత్యధిక రికార్డింగుల్లో వినిపించే బేసిస్టుల్లో ఒకడయ్యాడు. ప్రతిభ ఒక్కటే ఆయన్ను నిలబెట్టిందనుకుంటే పొరపాటు. 1896లోనే ఏర్పడిన సంగీతకారుల సమాఖ్య గంటల లెక్కన కనీస ధరలు నిర్ణయించి, స్టూడియోల చేత ఒప్పించింది. రికార్డులు వచ్చి ప్రత్యక్ష సంగీతాన్ని మింగేస్తున్నాయని 1942లో అదే సమాఖ్య రికార్డింగులు ఆపేసింది. అమ్ముడైన ప్రతి రికార్డు మీదా కంపెనీలు కొంత సొమ్ము ఒక నిధికి ఇచ్చేలా ఒప్పందం సాధించింది. ఆ నిధితో ప్రజలకు ఉచిత కచేరీలు పెట్టి వాద్యకారులకు వేతనాలిచ్చారు. డీజే బాక్సులు సన్నాయి మేళాన్ని పక్కకు నెట్టేస్తున్న మన పెళ్లి పందిళ్లకు ఇది ఎంత దగ్గరి కథో చెప్పనక్కర్లేదు.

డప్పు కళాకారులకు పెన్షన్ ఇస్తున్నారు కదా, ఇంకేం కావాలి అని అడగవచ్చు. 2024 జులై నుంచి అది నెలకు రూ.4,000 అయింది. మంచి పని, కొనసాగాలి. కానీ హార్మోనియం, తబలా, కీబోర్డు వాయించేవారు అన్ని కులాల నుంచీ వస్తారు, ఏ కులవృత్తి గడిలోనూ ఇమడరు. సన్మానాలూ ఉన్నాయి కదా అనవచ్చు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. నాదస్వరానికి దక్కిన ఆ గౌరవం మనందరికీ గర్వకారణం. అయితే శిఖరాన్ని సన్మానించినంత మాత్రాన ఊళ్లలో డోలు పట్టేవారి కడుపు నిండదు.

ధర కట్టేస్తే ఉన్న నాలుగు పిలుపులూ పోతాయి, జనం డీజేకే వెళతారు అన్నది మరింత బలమైన అభ్యంతరం. పేదింటి పెళ్లి మీద రేటు రుద్దమని నేనూ అనను. ప్రభుత్వ సభలు, పురపాలక ఉత్సవాలు, దేవాదాయ శాఖ గుడుల వేడుకలు ప్రజల డబ్బుతో, భక్తుల డబ్బుతో జరిగేవి. వాటిలో వాద్యకారుడికి ఇంత అని ముందే రాసి పెట్టడానికి ఎవరి అనుమతీ కావాల్సిన పని లేదు. అక్కడ ఒక ధర నిలబడితే తిరునాళ్ల కమిటీతో బేరమాడేటప్పుడు హార్మోనిస్టుకు చెప్పుకోవడానికి ఒక అంకె దొరుకుతుంది. వీరిలో చాలామంది టైలరింగో, పలకల పనో, సేద్యమో చేసుకుంటారు గనక సంగీతం వారికి తీరిక వ్యవహారమే అనేవారూ ఉన్నారు. ఇది కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసి చూడటం. వాద్యం ఏడాదంతా తిండి పెట్టలేకపోబట్టే రెండో పని పట్టారు.

మొదలుపెట్టడానికి పెద్ద చట్టం అక్కర్లేదు. ఉపాధి పనికి మస్టరు ఉన్నట్టే వాద్యకారుడికి మండల స్థాయిలో ఒక కార్డు ఇచ్చి, వాయించిన ప్రతి కార్యక్రమం తేదీ, చోటు, అందిన సొమ్ము అందులో రాయించాలి. తిరునాళ్ల కమిటీ సంతకం చాలు. అలా ఇరవై ఏళ్ల పని కాగితం మీద కనబడే మనిషికి, అతని కులం, వాద్యం ఏదైనా సరే, డప్పు కళాకారుడికి ఇచ్చే పెన్షనే ఇవ్వాలి. ఇప్పటికే అరవై దాటినవారికి కార్డు నిండేదాకా ఆగమనడం అన్యాయం. వారి విషయంలో ఊరి నాటక సమాజాలు, భజన బృందాల వాంగ్మూలమే ఆధారంగా తీసుకోవాలి.