ముళ్లపొదల నేల బంజరు కాదు

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా పరచుకొన్న రాతిగుట్టలనూ, ముళ్లపొదలనూ, వేసవిలో ఎండి పసుపుబారే గడ్డినేలలనూ క్షీణించిన అడవిగా భావించడం పాలనాయంత్రాంగానికి అలవాటైపోయింది. దేశపు బంజరు భూముల అట్లాసు పొదలున్న నేలను బంజరు కిందనే లెక్కగట్టగా, భారత అటవీ సర్వే సంస్థ పది శాతానికి తక్కువ చెట్ల కప్పున్న అటవీ భూమిని ‘స్క్రబ్’ పేరుతో అడవి లెక్కలోంచి తప్పిస్తుంది. చెట్టును మాత్రమే కొలిచే ఈ కొలబద్దకు గడ్డి ఆనదు.

విడివిడిగా నిలిచిన చెట్ల కింద ఎండను కోరే గడ్డి పెరుగుతూ, వానల కొరత, పశువుల మేత, కార్చిచ్చు మూడూ కలిసి చెట్లు దట్టం కాకుండా అదుపు చేసే నేలను శాస్త్రజ్ఞులు ‘సవన్నా’ అంటారు. దీనికి పేరెన్నికగన్న ఉదాహరణ పశ్చిమ ఆఫ్రికాలో బెనిన్, బుర్కినా ఫాసో, నైజర్ దేశాల సరిహద్దుల్లోని డబ్ల్యూ-ఆర్లీ-పెంజారి రక్షిత ప్రాంతం; 2017లో యునెస్కో తన ప్రపంచ వారసత్వ గుర్తింపును మూడు దేశాలకూ విస్తరించిన ఈ ప్రాంతంలోనే పశ్చిమ ఆఫ్రికా ఏనుగుల్లో అత్యధిక భాగం బతుకుతోంది. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఉన్న మన చిత్తూరు సీమ పొదనేలలూ ఈ కోవలోనివే. అక్కడి వృక్షాలు ఇక్కడికి పరాయివేమీ కావు: మన చిరుమానుకూ గారచెట్టుకూ దగ్గరి జ్ఞాతులు అక్కడ పెరుగుతాయి, ఇక్కడి పులుసుకు ప్రాణమైన చింత పుట్టిల్లే ఆఫ్రికా.

ఇక్కడి పొడి నేలలు ఎంత బరువు మోయగలవో కౌండిన్య అభయారణ్యం చెబుతోంది. దాదాపు రెండు శతాబ్దాలుగా ఏనుగు జాడలేని ఈ ప్రాంతానికి 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు వలసరాగా, వాటి కోసమే 1990లో సుమారు 358 చదరపు కిలోమీటర్లలో దీన్ని ఏర్పాటు చేశారు. అయితే సన్నగా సాగిన ఈ అడవికి ఇరువైపులా పొలాలే ఉండడంవల్ల ఏనుగు నాలుగడుగులు వేస్తే చెరకుతోటలోనో వరిమడిలోనో ఉంటుంది, రైతు పంటనూ ఒక్కోసారి ప్రాణాన్నీ కోల్పోతాడు. 2025 మేలో కర్ణాటక అప్పగించిన కుంకీలు, అంటే అడవి ఏనుగులను మళ్లించేందుకు తర్ఫీదు పొందిన ఏనుగులు, మందను ఆ రాత్రికి తోలగలవు గానీ అడవి వెడల్పును పెంచలేవు. అభయారణ్యం బయటి పొదనేలలను బంజరుగా ఎంచి ఇతర అవసరాలకు ధారాదత్తం చేస్తే ఆ ఇరుకు మరింత బిగుస్తుంది.

ఏనుగు ఒక్కటే కాదు. దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా లేని, అంతరించే ముప్పున్న పసుపుగొంతు పిగిలిపిట్టకు హార్స్లీ కొండలు, రిషివ్యాలీ పరిసరాల్లోని రాళ్లూ పొదలే ఆవాసం. దట్టమైన తోపు దానికి పనికిరాదు. మూడడుగులైనా ఎత్తులేని పుంగనూరు ఆవు కొద్దిపాటి ఎండుమేతతోనే చిక్కటి పాలిచ్చే గుణాన్ని సంతరించుకొన్నది కూడా ఇలాంటి మెట్ట సీమలోనే. కైగల్ వాగు వెంబడి లోయలవంటి తేమచోట్ల అడవి అడవిగానే ఉండాలి, అందులో వివాదం లేదు; తక్కిన చోట్ల గుంతలు తవ్వి నీలగిరి మొక్కలు నాటి దాన్నే పచ్చదనమనడం గడ్డినీ, గడ్డిని నమ్ముకొన్న జీవాలనూ గెంటివేయడమే.

పొదనేలలను బంజరు జాబితా నుంచి తప్పించి, ఎక్కడైనా మొక్కలు నాటే ముందు అక్కడి గడ్డిజాతులనూ పక్షులనూ నమోదు చేయడాన్ని రాష్ట్ర అటవీశాఖ తప్పనిసరి చేయాలి.