ఒక కప్పు కాఫీ – ఒకే బల్ల

మనిషి నిత్యకృత్యాలలో అతి సామాన్యంగా కనిపించేదానికే ఒక్కొక్కసారి అతి గాఢమైన అర్థం ఉంటుంది. మన ఇళ్ళలో కాఫీ అటువంటిది. తెల్లవారగానే ఇత్తడి ఫిల్టరులో పొడి వేసి, మరిగిన నీరు పోసి, మూతపెట్టి, డికాక్షను చుక్కచుక్కగా దిగేదాకా వేచి ఉండడంతో ఎన్నో కుటుంబాలలో దినచర్యకు నాంది పలుకుతుంది.

ఇంటికి వచ్చినవారితో తెలుగు ఇల్లాలు "కాసిని కాఫీ నీళ్ళు పుచ్చుకొని వెళ్ళండి" అంటుంది. ఉర్దూ మాట్లాడే మా ఇళ్ళలో "చాయ్ పీకే జాయియే" అంటారు. చిక్కని పాలతో కలిపిన కాఫీని "నీళ్ళు" అనడంలో ఇచ్చేవారి వినయం ఉంది. పుచ్చుకోనిదే కదలనివ్వకపోవడంలో ఆప్యాయతతో కూడిన అధికారం ఉంది. రెండు భాషలలోనూ ఆ మాటకు భావం ఒక్కటే: మీరు మాకు పరాయివారు కారు. కాఫీ విలువ రుచిలో కన్న ఈ పిలుపులోనే అధికంగా ఉన్నదని మా అభిప్రాయం.

చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. "కాఫీ" అనే పదానికి మూలం అరబ్బీలోని "ఖహ్వా". 15వ శతాబ్దంలో యెమెన్ దేశపు సూఫీలు రాత్రివేళ దైవస్మరణలో నిద్ర రాకుండేందుకు దీనిని ఒకే పాత్ర నుండి పంచుకొని సేవించేవారు. జనం ఒకచోట కూడి ముచ్చటించడం పాలకులకు సాధారణంగా గిట్టదు. 1511లో మక్కా నగరాధికారి ఖైర్ బేగ్ కాఫీని నిషేధించగా, కైరోలోని సుల్తాను ఆ నిషేధాన్ని సడలించాడు. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ హజ్ యాత్ర నుండి తిరిగి వస్తూ మోఖా రేవు నుండి ఏడు గింజలు తెచ్చి చిక్‌మగళూరు కొండలలో నాటాడని ఐతిహ్యం. అక్కడి గుహను హిందువులు దత్తాత్రేయ పీఠంగాను, ముస్లింలు దర్గాగాను దర్శిస్తారు. మన అరకు లోయలో గిరిజన రైతులు పండించే కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇన్ని చేతులు కలిస్తేగాని మన గ్లాసు నిండదు.

ఇటువంటి పానీయాలతోనే మనుషులను విడదీసిన చరిత్ర కూడా మనదే. బ్రిటిషువారి కాలంలో రైల్వే స్టేషన్లలో "హిందూ చాయ్", "ముసల్మాన్ చాయ్" అని వేర్వేరుగా అమ్మేవారు. పల్లెటూరి హోటళ్ళలో దళితులకు వేరే గ్లాసు పెట్టే దురాచారాన్ని రెండు గ్లాసుల పద్ధతి అన్నారు. రాజ్యాంగంలోని 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది. దానిని శిక్షించే చట్టం 1955లో వచ్చింది. ఆ తరువాత కూడా దశాబ్దాలపాటు అనేక గ్రామాలలో ఆ గ్లాసులు వేరుగానే ఉన్నాయి. చట్టం గ్లాసులను కలపగలదు గాని, పిలుపు మాత్రం మన నోటి నుండే రావాలి.

మా అధ్యాపకుల గదిలో ఆ పిలుపుకు లోటు లేదు. రంజాన్ మాసంలో రోజాలో ఉన్న మేము "మీరు తాగండి" అని ఎంత చెప్పినా హిందూ మిత్రులు మా ఎదుట గ్లాసు ముట్టరు. కార్తీక సోమవారం ఉపవాసమున్న మిత్రుని ముందు మేమూ టిఫిను డబ్బా విప్పము. ఇందుకు ఎవరి ఉత్తర్వూ లేదు.

క్యాంటీనులో మాత్రం దృశ్యం వేరు. ఉర్దూ మాధ్యమం విద్యార్థులు ఒక మూల చాయ్ తాగుతారు; తెలుగు మాధ్యమం వారు మరొక మూల కాఫీ తాగుతారు. కలహం లేదు, పలకరింపూ లేదు. మూడేళ్ళు ఒకే ప్రాంగణంలో చదివి, ఎదుటి బల్లవాని పేరైనా తెలియకుండా డిగ్రీ పుచ్చుకొని వెళ్ళేవారు ఉన్నారు. కలహం కన్న ఇది ప్రమాదకరమని మేము భావిస్తున్నాము. కలహం వస్తే తీర్చడానికి పెద్దలు ముందుకు వస్తారు. మౌనాన్ని గమనించేవారే ఉండరు. రేపు బయట ఎవరో ఒక వర్గాన్ని గురించి మరొక వర్గానికి అసత్యం చెబితే, "కాదు, అతడు నాకు తెలుసు" అనగలవాడు ఈ బల్లల దగ్గరే తయారు కావాలి.

కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. క్యాంటీనులో విడివిడి బల్లలకు బదులు ఒక పొడవైన బల్ల వేయించండి. దాని ఖర్చు స్వల్పం, ఫలితం అధికం. విద్యార్థులారా! ఒక కాఫీని రెండు గ్లాసులలో పంచుకొనే "వన్ బై టూ" మన హోటళ్ళకు చిరపరిచితమైన ఆచారం. వారానికి ఒక్కసారైనా అవతలి మాధ్యమం మిత్రునితో కలిసి "వన్ బై టూ" చెప్పండి. అతడు ఒక షేర్ వినిపిస్తాడు. మీరు ఒక వేమన పద్యం చెప్పండి. ఆ కాఫీ తెచ్చి ఇచ్చిన మనిషిని కూడా "అన్నా, మీరు తాగారా?" అని అడగడం మరవకండి.