చిన్న బర్గరు, పెద్ద లెక్క

స్లైడరంటే బుల్లి బర్గరు. రెండు కొరుకుల్లో అయిపోతుంది, మహా అయితే మూడు. ఇదివరకు పెద్ద హోటళ్ళ మెనూల్లో ఏదో ఓ మూల కనబడేది. ఇప్పుడు అచ్చంగా అవే అమ్మే చోట్లు కూడా వచ్చాయి. మొన్నామధ్య తార్నాక వైపు అలాంటి ఒకదానికి వెళ్ళొచ్చాను. తిన్నాక నాకనిపించింది ఏంటంటే, వీళ్ళు బర్గరుని చిన్నదైతే చేశారు గానీ అసలది ఎందుకు చిన్నగా పుట్టిందో మాత్రం పట్టించుకోలేదు.

దీని పుట్టుక అమెరికాలో. 1921లో కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో వైట్ కాజిల్ అనే హోటలు మొదలైంది. చిన్న చతురస్రపు బర్గరు, ఖరీదు ఐదు సెంట్లు. ఒకటి తిను, నాలుగు తిను, సంచీ నిండా కొనుక్కుపో... నీ ఇష్టం, నీ జేబు ఇష్టం. అప్పట్లో అక్కడ జనానికి కీమా మాంసమంటే బోలెడు అనుమానాలు. అందుకే గోడలూ పొయ్యిలూ తెల్లగా, తళతళా ఉంచి, వంట అందరి కళ్ళ ముందే చేసేవాళ్ళు. తర్వాత్తర్వాత మాంసం బిళ్ళకి ఐదు చిల్లులు కూడా పెట్టారు. పెనం మీద ఉల్లిపాయలు పరిచి, వాటి మీద ఈ బిళ్ళలు పేరుస్తారు. ఆవిరి చిల్లుల్లోంచి పైకొచ్చి బిళ్ళనీ, పైనున్న బన్నునీ ఒకేసారి ఉడికిస్తుంది. తిరగెయ్యక్కర్లేదు. మెకానికల్ వాడెవడైనా చూస్తే ముచ్చటపడి తీరతాడు. పల్చన కాబట్టి త్వరగా ఉడుకుతుంది, త్వరగా ఉడుకుతుంది కాబట్టి ఎక్కువమందికి అందుతుంది, అందుకే చవక. ఆ చిన్నతనం వెనక ఇంత లెక్కుంది.

మనకిది కొత్తేం కాదండీ. ఇరానీ హోటల్లో కూర్చుంటే ఏం జరుగుతుంది? చాయ్ చెప్పగానే మనం అడక్కుండానే చిన్న ఉల్లిపాయ సమోసాలో, ఉస్మానియా బిస్కెట్లో ఓ ప్లేటులో పెట్టి పోతాడు. తిన్నన్ని తింటాం. లేచేటప్పుడు ప్లేటులో మిగిలినవి చూసి, "దో చాయ్, చార్ సమోసా" అని గల్లాపెట్టె వైపు ఓ కేక వేస్తాడు. అంతే బిల్లు! ఇద్దరం కలిసి ఒక్క చాయ్ తాగాలంటే 'వన్ బై టూ' ఉండనే ఉంది. దావతుల్లో పెట్టే లుఖ్మీ సంగతీ అంతే. ఖీమా కూరిన ఆ చిన్న చదరపు ముక్కకి ఆ పేరు లుఖ్మా నుంచి వచ్చిందంటారు. లుఖ్మా అంటే ముద్ద. (మన గోరుముద్ద కూడా స్లైడరే అంటే మా అమ్మ ఊరుకోదు లెండి.)

క్యాంపస్‌లో చదివే రోజుల్లో మాణికేశ్వర్ నగర్‌లో గది తీసుకుని ఉండేవాణ్ణి. క్యాంపస్‌కి ఆనుకునే ఉంటుంది, పాతవాళ్ళు వడ్డెర బస్తీ అంటారు. నెలాఖరు వారం గడిచేదంతా ఇలాంటి లెక్కల మీదే. బండి దగ్గర రెండిడ్లీ ఒక వడ. సాయంత్రం రెండు మిర్చిబజ్జీలు, చేతిలో ఇంకో ఐదు రూపాయలుంటే మూడోది. ఎవడూ "ఫుల్ ప్లేటే తీస్కోవాలె" అనేవాడు కాదు. చిన్నవాటిని లెక్కపెట్టి అమ్మడంలో ఉన్న మర్యాద అదే. ఎంత తినాలో, ఎంత ఖర్చు పెట్టాలో తినేవాడే తేల్చుకుంటాడు, పైగా ఆ తేల్చుకోవడం పక్క టేబులుకి తెలియదు.

ఇక మన స్లైడర్ల హోటలు. ఒకటీ రెండూ ఇవ్వరు. మూడింటి 'ప్లాటర్' 349 రూపాయలు, పైన ఐదు శాతం జీఎస్టీ. నాతోపాటు నా జూనియర్ ఒకడు వచ్చాడు, గ్రూప్స్‌కి చదువుతూ ఇంకా ఆ బస్తీలోనే ఉంటున్నాడు. నేనిస్తా అన్నా వినే రకం కాదు, ఎవడి బిల్లు వాడే కట్టుకోవాలంటాడు. మెనూ అటూ ఇటూ తిప్పి, "అన్నా, ఒక్కటి ఇయ్యరా?" అన్నాడు. ఆర్డరు తీసుకునే కుర్రాడు మర్యాదగానే "లేదు సార్, ప్లాటరే" అన్నాడు. "అయితే నాకు ఆకలి లేదన్నా" అని మెనూ మూసేసి మంచినీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. వాడికి ఆకలి లేకపోవడమేంటి! ఇలాంటి తిండి అసలు పుట్టిందే అలాంటివాడి కోసం. వాడు ఖాళీగా కూర్చుంటే, నేను మూడు ముందేసుకుని తిన్నాను.

రుచికి వంక పెట్టను. చికెన్ బాగా వేగింది, బన్ను వెన్నతో కాల్చారు, సాస్‌లో మన పచ్చిమిర్చి ఘాటు తగిలింది. కానీ చుట్టుకొలత తగ్గించి ఎత్తు పెంచారు! నాలుగంగుళాల ఎత్తున నిలబెట్టి, పడిపోకుండా మధ్యలో పుల్ల గుచ్చారు. పుల్ల తీస్తే కూలిపోతుంది, తియ్యకపోతే నోట్లో గుచ్చుకుంటుంది. గొంతులోకి ఇట్టే జారుతుందని స్లైడర్ అనే పేరొచ్చిందంటారు. ఇక్కడ జారింది మాత్రం ఉల్లిపాయ చక్రం, నా చొక్కా మీదికి.

"అద్దెలు, ఏసీ, జీతాలు... ఒక్కటే అమ్మితే గిట్టుబాటు కాదు" అంటారా? కాదనను. ఒక్కటి చేసినా మూడు చేసినా ప్లేటు ఒకటే, మోసే మనిషి ఒకడే. ఇరానీ హోటళ్ళు కూడా ఈ అద్దెలు తట్టుకోలేకే ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. అయితే దానికి ఒకటి అమ్మకపోవడమే మందా? మూడు 349 అంటే ఒక్కోటి 116 పడుతోంది. విడిగా 140కి అమ్మండి. గిట్టుబాటూ అవుతుంది, మూడు తీసుకునేవాడికి లాభమూ మిగులుతుంది. కంప్యూటర్లో ఒక ఐటెం చేర్చడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు, ఆ పని చేసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. క్యాంపస్ పక్కన దుకాణం పెట్టి ఒకటి అమ్మనంటే ఎలా?

పనిలో పనిగా ఆ ఎత్తు కూడా ఓ రెండంగుళాలు తగ్గిస్తే ఆ పుల్ల ఖర్చు మిగులుతుంది.