"ఆసక్తి లేదు, రాసుకో"

పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అక్కా, మా కాలనీలో ఖాళీ స్థలం ఉంది. అందులో ఏం కావాలో కాలనీవాళ్ళే చెప్పమన్నారు. నేను గూగుల్ ఫామ్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టా. ఒక్క రోజులో అరవై మంది నింపారు. ఎక్కువమందికి షటిల్ కోర్టే కావాలట. రిపోర్టు కౌన్సిలర్‌కి ఇచ్చేయనా?"

ముందు శెభాష్ అన్నాను. కాలనీ గురించి ఇంత పట్టించుకునే కుర్రాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి. తర్వాత ఒక్క ప్రశ్న వేశాను.

"ఆ వాట్సాప్ గ్రూపులో మీ అమ్మ ఉందా?"

రెండు నీలం టిక్కులు పడ్డాయి. కాసేపు ఏమీ లేదు. తర్వాత జవాబొచ్చింది. "లేదక్కా. నాన్న ఉన్నాడు."

నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను. ఇంతకంటే పెద్ద తప్పు నేనే చేశాను మరి. ఆ కథే ఈ వారం.

ముప్ఫై ఇళ్ళు, నలభై ప్రశ్నలు

డిగ్రీ రెండో ఏడాది. నిజామాబాద్ వైపు ఒక ఊళ్ళో ఏడు రోజుల ఎన్నెస్సెస్ క్యాంపు. పొద్దున శ్రమదానం, మధ్యాహ్నం నుంచి ఇంటింటి సర్వే. నలభై ప్రశ్నల ఫామ్, ఇద్దరికి ఒక ప్యాడ్, రోజుకి ముప్ఫై ఇళ్ళు. ఎవరు ఎక్కువ ఫామ్‌లు నింపితే వాళ్ళు హీరోలు.

మూడో రోజు ఒక ఇంటికి వెళ్ళాం. గడప పక్కన ఒక అక్క ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆవిడ భర్త మంచం మీద కూర్చుని ఉన్నాడు. ప్రశ్న ఆవిడని అడిగితే జవాబు ఆయన దగ్గర్నుంచి వస్తోంది.

"ఊరికి బస్సు సౌకర్యం ఉందా?"

"ఉన్నది. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి."

ఉంది. టిక్కు.

"ఇంట్లో చదువు మధ్యలో మానేసినవాళ్ళు ఉన్నారా?"

"మా పిల్ల. ఇంటర్ రెండో సంవత్సరంల బంద్ చేసింది."

కారణానికి నాలుగు గడులు. ఆర్థిక ఇబ్బంది, ఆసక్తి లేదు, పెళ్ళి, ఇతరం.

"ఆసక్తి లేదు, రాసుకో" అన్నాడాయన.

రాసుకున్నాను. అక్క తలెత్తలేదు. చేతిలో బీడీ మాత్రం ఒక్క క్షణం ఆగింది. చూశాను గానీ పట్టించుకోలేదు. ఇంకా పద్నాలుగు ఇళ్ళున్నాయి.

ఆరో రోజు ఎండకి తాళలేక ఒక వేపచెట్టు కింద ఆగాం. అక్కడ ఏడెనిమిది మంది ఆడవాళ్ళు కూర్చుని బీడీలు చుడుతున్నారు, ఆ అక్క కూడా. ప్యాడ్ బ్యాగులో పెట్టేశాను. ఊరికే మాటల్లో దిగాం. ఎవరో వీధిదీపాలు వెలగట్లేదని మొదలుపెట్టారు. ఇంకొకావిడ బెల్టు షాపుని తిట్టింది. అప్పుడు ఒక పెద్దావిడ ఆ అక్క వైపు తిరిగి, "నీ బిడ్డ ముచ్చట చెప్పరాదే" అంది.

అక్క చెప్పింది. "మాపటి బస్సు ఏడింటికి వస్తది. రోడ్డు మీద దింపి పోతది. అక్కడికెల్లి ఊర్లెకు కిలోమీటరు నడవాలె. దీపం లేదు. నడిమిట్ల బెల్టు షాపు. తాగినోళ్ళు ఊకుంటరా? నెల రోజులు ఏడ్చింది. ఇగ పోనన్నది."

"మరి ఆ రోజు నాకు చెప్పలేదేంటక్కా?"

"నువ్వు ఆయననే అడిగితివి, ఆయన చెప్పిండు. ఆ షాపు నడిపెటోడు ఆయన దోస్తు. ఆయన ముంగట నేనేం చెప్పాలె?"

నా ఫామ్‌లో బస్సు ఉంది. పిల్లకి ఆసక్తి లేదు. రెండూ చెప్పింది చెప్పినట్టే రాసినవి. అయినా ఆ ఇంటి సంగతి అందులో లేదు.

లెక్క పెద్దదైతే చాలా?

"మరి అరవై మందిని కాదు, ఆరు వందల మందిని అడిగితే సరిపోతుందా అక్కా?" అన్నాడు తమ్ముడు. దీనికి ఒక పాత కథ ఉంది.

1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలు. లిటరరీ డైజెస్ట్ అనే వారపత్రిక దాదాపు కోటి మందికి పోస్టులో నమూనా బ్యాలెట్లు పంపింది. 23 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అంత పెద్ద సర్వే! లాండన్ గెలుస్తాడని పత్రిక ధైర్యంగా రాసేసింది. తీరా చూస్తే రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. అంతకంటే చాలా తక్కువమందిని, కానీ అన్ని వర్గాల నుంచీ చూసి ఎంచుకుని అడిగిన జార్జ్ గాలప్ రూజ్‌వెల్టే గెలుస్తాడని ముందే చెప్పాడు.

డైజెస్ట్ ఎక్కడ బోల్తా పడింది? అడ్రసులు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకుంది. దేశమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న రోజుల్లో ఇంట్లో ఫోను, ముంగిట్లో కారు ఎవరికుంటాయి? పైగా పని గట్టుకుని జవాబు తిప్పి పంపినవాళ్ళూ, పంపనివాళ్ళూ ఒకేలా ఆలోచించేవాళ్ళు కాదు.

ఇప్పుడు టెలిఫోన్ డైరెక్టరీ తీసేసి వాట్సాప్ గ్రూపు పెట్టండి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో ఇంటర్నెట్ ఒక్కసారైనా వాడినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఇప్పుడు ఇంకొంచెం పెరిగే ఉంటుంది. అయినా మన గూగుల్ ఫామ్ ఎవరి చేతికి అందదో అర్థమైపోతోంది కదా. ఆ ఖాళీ స్థలం మీదుగా రోజూ నడిచేవాళ్ళు వాళ్ళే కావచ్చు.

బటన్ చెప్పని మాట

ఇంకో కథ. 1941 నవంబరులో న్యూయార్క్‌లో పాల్ లాజర్స్‌ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త, తన కొలీగ్ రాబర్ట్ మెర్టన్‌ని భోజనానికి పిలిచి, తిండి సంగతి పక్కనపెట్టి ఒక రేడియో స్టూడియోకి తీసుకెళ్ళాడు. అక్కడ కొంతమంది కూర్చుని ఒక రేడియో కార్యక్రమం వింటున్నారు. నచ్చితే ఆకుపచ్చ బటన్, నచ్చకపోతే ఎర్ర బటన్ నొక్కాలి. అయిపోయాక ఒకాయన వాళ్ళని ఎందుకు నచ్చింది, ఎందుకు నచ్చలేదు అని అడుగుతున్నాడు. చూస్తూ కూర్చున్న మెర్టన్‌కి ఆయన అడిగే తీరు నచ్చలేదు. జవాబు ఆయనే అందిస్తున్నాడు, వాళ్ళు తలూపుతున్నారు. మెర్టన్ చీటీల మీద చీటీలు రాసి లాజర్స్‌ఫెల్డ్‌కి అందించాడట. "అయితే నువ్వే అడిగి చూపించు" అన్నాడాయన. మెర్టన్ కూర్చున్నాడు. ఈ రోజు మనం ఫోకస్ గ్రూప్ అని పిలిచేదానికి మూలాలు అక్కడున్నాయి.

బటన్ నచ్చిందో లేదో చెప్తుంది, కారణం చెప్పదు. నా ఫామ్‌లో టిక్కు చేసిన పనీ అదే.

దేని పని దానిదే

అలాగని సర్వే దండగ అనుకోకండి. ఎంతమంది అనేది సర్వేయే చెప్తుంది. వేపచెట్టు కింద ఎనిమిది మంది చెప్పారని ఊళ్ళో ఎనభై శాతం మంది మాట అదే అనేస్తే అది ఇంకో తప్పు. ఎందుకు, ఎలా అనేది విడిగా కూర్చుని మాట్లాడితే తెలుస్తుంది. నలుగురిలో చెప్పుకోలేని విషయమైతే ఇంటర్వ్యూ ఒక్కటే దారి. ఇక గ్రూపులో ఒకరి మాట ఇంకొకరి నోరు విప్పిస్తుంది. ఆ పెద్దావిడ "చెప్పరాదే" అనకపోతే ఆ అక్క చెప్పేదా?

అందుకే ముందు గ్రూపులో విని, ఆ మాటలతోనే ప్రశ్నలు తయారు చేసుకుని, ఆ తర్వాత ఇంటింటికీ వెళ్ళడం మంచిది. మేము తలకిందులుగా చేశాం. ప్రశ్నలు కాలేజీలో తయారయ్యాయి, ఊరు ఏం మాట్లాడుకుంటోందో ఆరో రోజుకి తెలిసింది.

రేపు మీరు మీ వాడలోనో హాస్టల్లోనో ఇలాంటిదేమైనా చేస్తే, నేను దెబ్బ తిని నేర్చుకున్నవి కొన్ని చెప్తాను.

ఎక్కడ కూర్చుంటున్నారో చూసుకోండి. సర్పంచ్ గారి అరుగు మీద మీటింగ్ పెడితే, ఆ అరుగు ఎక్కలేనివాళ్ళ మాట మీకు దొరకదు. వాళ్ళ వాడకి మీరే వెళ్ళండి. కూలికి వెళ్ళేవాళ్ళని పొద్దున పదకొండింటికి రమ్మంటే ఎవరొస్తారు? వాళ్ళ తీరిక చూసుకోండి.

గ్రూపులో ఆరు నుంచి పది మంది చాలు. అత్తా కోడళ్ళనీ, యజమానినీ పనివాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెడితే ఒకరే మాట్లాడతారు. ఎవరో మీకు తెలుసు.

ప్రశ్నలో జవాబు పెట్టకండి. "లైబ్రరీ వస్తే పిల్లలకి మంచిదే కదా పెద్దమ్మా?" అంటే ఏ పెద్దమ్మ కాదంటుంది? "నీళ్ళు, రోడ్లు బాగున్నాయా?" అంటే నీళ్ళొచ్చి రోడ్డు లేనాయన ఏం చెప్పాలి? "ఎందుకు మానేసింది?" అని నిలదీసే బదులు "కాలేజీకి వెళ్ళే రోజుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎలా గడిచేది?" అని అడిగి చూడండి. బస్సు, చీకటి, షాపు అన్నీ వరసగా వస్తాయి.

మీరెవరో, ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పండి. ప్యాడ్ పట్టుకుని ఎవరొచ్చినా రేషన్ కార్డు పోతుందేమో, పింఛను కట్ అవుతుందేమో అని భయపడేవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది. ఆధార్ నంబరు, ఓటీపీ జోలికి అస్సలు వెళ్ళకండి. రికార్డింగ్ పెట్టేముందు అడగండి. వద్దంటే వద్దు. ఎవరు ఏ మాటన్నారో బయటికి పొక్కకూడదు. ఆ అక్క నాతో చెప్పింది భర్త దాకా చేరితే రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగేది?

ఇక ఎక్కువమంది ఎగ్గొట్టే పని ఒకటుంది. విన్నది తిరిగి వెళ్ళి వాళ్ళకే చెప్పడం.

చదివి వినిపించడం

ఇది మనకి కొత్తేం కాదు. 2005 ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్, పనుల మీద గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి అది గట్టిగా నడిచింది. కూలీల కుటుంబాల్లో చదువుకున్న కుర్రాళ్ళకి, అమ్మాయిలకి శిక్షణ ఇచ్చారు. వాళ్ళు మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. "నువ్వు ఇన్ని రోజులు పని చేసినట్టు ఇక్కడ ఉంది, చేశావా? డబ్బులు ముట్టాయా?" అని అడిగారు. అక్కడితో వదిలేయలేదు. దొరికిందంతా గ్రామసభలో, తర్వాత మండల స్థాయి ప్రజావేదికలో, అధికారుల ముందు మైకులో చదివి వినిపించారు. జవాబిచ్చిన మనిషి అక్కడే కూర్చుని తన మాట సరిగ్గా చేరిందో లేదో వినొచ్చు. తప్పైతే లేచి తప్పు అనొచ్చు.

మా క్యాంపు రిపోర్టు సంగతి? ఏడో రోజు ముగింపు సభ. లెక్కలు అప్పటికే వేసేశారు. ఒక్క ఫామ్ కోసం మళ్ళీ మొత్తం కలపమని అడగడానికి నాకు మొహమాటం. నా టిక్కు అలాగే ఉండిపోయింది. రిపోర్టు బైండింగ్ అయ్యి మా కాలేజీ లైబ్రరీలో అల్మారాకెక్కింది. ఊరికి ఒక్క కాపీ కూడా వెళ్ళలేదు. "చదువు మానేయడానికి కారణాలు" అన్న పట్టికలో "ఆసక్తి లేదు" అన్నచోట ఒక అంకె ఉంటుంది. అందులో ఒకటి ఆ అమ్మాయి. తనని నేను ఒక్కసారి కూడా చూడలేదు. అడగాల్సింది తననే అన్న ఆలోచనే అప్పుడు రాలేదు.

బస్సు టైము మార్పించడం మా వల్ల అయ్యేదో కాదో. రోడ్డు మీద రెండు లైట్లు మాత్రం పంచాయతీ పనే. ముగింపు సభకి వచ్చిన పెద్దల ముందు ఒక్క వాక్యం చదివి ఉండాల్సింది. ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు, "రాత్రి ఏడింటికి బస్సు దిగే ఆడపిల్లలకి దారిలో వెలుగు లేదు" అంటే చాలు.

తమ్ముడు నిన్న మళ్ళీ మెసేజ్ పెట్టాడు. ఫామ్ పక్కనపెట్టి వాళ్ళమ్మతో మొదలుపెట్టాడట. తర్వాత మంచినీళ్ళ ప్లాంటు దగ్గర క్యాన్‌ల కోసం నిలబడేవాళ్ళతో, కాలనీలో ఇళ్ళల్లో పని చేయడానికి పక్క బస్తీ నుంచి వచ్చే ఆంటీలతో మాట్లాడాడు. వాళ్ళకి ఆ స్థలమే దగ్గరి దారి. చుట్టూ గోడ కట్టేస్తే అరకిలోమీటరు తిరిగి రావాలి. ఆ సంగతి అరవై మందిలో ఒక్కరూ రాయలేదు.

"షటిల్ కోర్టు వద్దనట్లేదక్కా, దారి వదిలి కట్టమంటున్నారు" అన్నాడు. "ఇప్పుడు రిపోర్టు ఇచ్చేయనా?"

"ముందు ఆ ఆంటీలకి చదివి వినిపించు" అన్నాను.

ఆదివారం వినిపిస్తాడట.

మీ ఊళ్ళో, మీ కాలేజీలో ఎవరైనా సర్వే చేసి, తిరిగొచ్చి ఫలితం చెప్పారా? చెప్పకపోయినా సరే, నాకు రాయండి. వచ్చే వారం కలుద్దాం.