సమాధానం చెప్పని ముగింపు

భయానక చిత్రం చూసి వెలుపలికి వచ్చిన ప్రేక్షకుడు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: “ఇంతకూ కారణమేమిటి?” కారణం చెప్పకుండా ముగిసిన చిత్రాన్ని అసంపూర్ణమని తోసిపుచ్చడం మనకు పరిపాటి అయింది. ఈ అలవాటు విచారించదగినది.

కమాల్ అమ్రోహీ దర్శకత్వంలో 1949లో వెలువడిన ‘మహల్’లో, పాత భవనంలో పాడుతూ తిరిగే స్త్రీ ప్రేతం కాదనీ, తోటమాలి కుమార్తె అనీ చివరకు తేలుతుంది. అక్కడ ముడి వీడుతుంది. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1963లో అందించిన ‘ది బర్డ్స్’లో మాత్రం ముడి వీడదు. కాలిఫోర్నియా తీరంలోని బొడేగా బే అనే చిన్న ఊరిపై పక్షులు దండెత్తుతాయి. ఎందుకన్నది చిత్రం చెప్పదు. తుదకు, గాయపడిన మెలనీ అనే యువతిని వెంటబెట్టుకొని ఒక కుటుంబం, ఎటు చూసినా పక్షులే వాలి ఉన్న దారిలో, కారులో మెల్లగా వెళ్ళిపోతుంది. ‘సమాప్తం’ అన్న మాట సైతం తెరపై కనిపించదు.

ఈ మౌనానికి అర్థం ఊరి హోటల్‌లో జరిగే సన్నివేశంలో ఉన్నదని నా అభిప్రాయం. పక్షులకు మూకుమ్మడిగా దాడి చేసే తెలివి లేదని పక్షిశాస్త్రం తెలిసిన వృద్ధురాలు వాదిస్తుంది. ఇది ప్రళయమని ఒక తాగుబోతు ప్రకటిస్తాడు. దాడి జరిగిన తరువాత శాస్త్రజ్ఞురాలు మౌనం వహిస్తుంది. అప్పుడు భయకంపితురాలైన ఒక తల్లి, శాన్‌ఫ్రాన్సిస్కో నుండి కొత్తగా వచ్చిన మెలనీ వైపు తిరిగి, ఈ అరిష్టానికంతటికీ నీవే మూలమని నిందిస్తుంది. కారణం తెలియని భయం వెంటనే ఒక దోషిని వెదుకుతుంది. ఆ దోషి తరచుగా కొత్తగా వచ్చినవాడో, నలుగురిలో వేరుగా కనిపించేవాడో అవుతాడు. దర్శకుడు ఏ కారణాన్నీ ధ్రువపరచకపోవడం వల్ల ఆ నిందకు ఆధారం దొరకలేదు. ఏదో ఒక కారణం కావలసిందేనని పట్టుబట్టే ప్రేక్షకుడు తెలియకుండానే ఆ తల్లి పక్కన నిలబడుతున్నాడు.

అయితే, ముగింపు తెరచి ఉన్నది కనుక ఎవరికి తోచిన అర్థం వారు చెప్పవచ్చునా? చెప్పరాదు. వెలుగు కోరేవాడు దీపాన్ని జాగ్రత్తగా చూసుకున్నట్లే, వ్యంగ్యార్థం కోరేవాడు వాచ్యార్థాన్ని ఆదరించాలని తొమ్మిదవ శతాబ్దిలోనే ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో బోధించాడు. ఈ చిత్రంలో పంజరాన్ని గమనించండి. మొదట పక్షుల అంగడిలో, పారిపోయిన పిట్టను పట్టి తిరిగి పంజరంలో వేస్తారు. తరువాత మెలనీయే టెలిఫోన్ బూత్‌లో చిక్కుకొనగా, పక్షులు చుట్టూ ఎగురుతాయి. మనుషులు కిటికీలకు పలకలు కొట్టుకొని ఇళ్ళలో బందీలవుతారు. చివరి కారులో రెండు ప్రేమపక్షులు ఇంకా పంజరంలోనే ప్రయాణిస్తాయి. బంధించినవాడే బందీ అయ్యాడన్న వ్యాఖ్యకు ఇన్ని సాక్ష్యాలున్నవి. పక్షులు యుద్ధవిమానాలకు సంకేతమనే వారు కూడా ఇట్టి సాక్ష్యాలనే చూపవలసి ఉంటుంది.

ఒకే సమాధానాన్ని కంఠస్థం చేసి పరీక్ష వ్రాసే మన విద్యార్థులకు ఇట్టి చిత్రాలు మంచి అభ్యాసం. కళాశాల కమిటీవారు సంవత్సరానికి ఒకటి రెండు చిత్రాలను ప్రదర్శింపజేసి, తరువాత ఉర్దూ, తెలుగు విద్యార్థుల మధ్య చర్చ ఏర్పాటు చేస్తే కాలం వృథా కాదు. తెలియనిదానిని తెలియదని ఒప్పుకోవడం, తెలిసినంత మేరకు ఆధారం చూపి మాట్లాడడం విద్యావంతుని లక్షణాలు. పుకారు విని పొరుగువానిని అనుమానించే వేళ ఈ రెండూ అక్కరకు వస్తాయి.